పిల్లలకు మాటతీరు అలవడాలంటే ఏ ఆట ఎంచుకోవాలి

ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లవాడు నలుగురిలోకి వెళ్లేసరికి అమ్మ కొంగు వదలడు. మరొకడు మాట్లాడడం మొదలుపెడితే ఎదుటివారికి సందివ్వడు. ఇంకో పాప ఆటలో ఓడిపోగానే గవ్వలు విసిరికొట్టి లేచిపోతుంది. ప్రాథమిక పాఠశాలలో చిన్న తరగతులకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పినందువల్ల ఇటువంటి పిల్లల తల్లిదండ్రులు నా సలహా కోసం తరచుగా వస్తుంటారు. ముగ్గురికీ "పిల్లలను ఆడుకోనివ్వండి" అని ఒకే మాట చెప్పి పంపడం తేలికే గాని, ఆ ముగ్గురికీ కావలసిన ఆట ఒకటి కాదు. ఒకరికి మేలు చేసిన ఆటే మరొకరిని ఇంకా ముడుచుకుపోయేలా చేయడం నేను కళ్లారా చూశాను. అందుకని, ఖర్చు లేకుండా మన ఇళ్లలోనూ బడుల్లోనూ ఆడుకోగల కొన్ని ఆటలను పక్కపక్కన పెట్టి, ఏది ఏ లోటును తీర్చగలదో, ఎక్కడ పనికిరాదో ఇక్కడ వివరిస్తున్నాను.

ఎంచుకునే ముందు గమనించవలసినవి

సంభాషణ అని మనం ఒక్క మాటలో చెప్పేదానిలో చాలా పనులు ఇమిడి ఉన్నాయి. తన వంతు వచ్చేదాకా ఆగాలి, ఎదుటివారు చెప్పినది విని దానికి తగిన బదులివ్వాలి, తెలియనిది అడగాలి, ఇష్టం లేనిదాన్ని నొప్పించకుండా కాదనాలి, ఎదుటివారికి ఏది తెలుసో ఏది తెలియదో ఊహించాలి, తన మాట చెల్లకపోయినా అలగకుండా కూర్చోగలగాలి. ఏ ఆట అయినా వీటిలో ఒకటి రెండింటినే గట్టిగా సాధన చేయిస్తుంది. కాబట్టి పెట్టె మీద అచ్చువేసిన వయసును చూసి ఆటను తెచ్చేకంటే, ఒక వారం రోజులు పిల్లవాడిని కొంచెం దూరం నుంచి గమనించి, వీటిలో ఎక్కడ తడబడుతున్నాడో రాసుకుని, ఆ తరువాత ఎంచుకోవడం మంచిది.

అమెరికాలోని మిన్నెసోటాలో రెండు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు ఆడుకునే తీరును పరిశీలించి మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లో ప్రచురించిన వర్గీకరణ ఈ గమనింపులో నాకు బాగా ఉపయోగపడింది. బిడ్డ ఒంటరిగా ఆడుకుంటున్నదా, ఇతరుల ఆటను నిలబడి చూస్తున్నదా, పక్కనే కూర్చుని తన ఆట తాను ఆడుకుంటున్నదా, వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటున్నదా, పనులు పంచుకుని ఒక జట్టుగా ఆడుతున్నదా అని చూస్తే, ఇప్పుడు ఎక్కడున్నదో, తరువాతి అడుగు ఏదో తెలుస్తుంది. పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకునే దశలో ఉన్న మూడేళ్ల బిడ్డను ఏడుపెంకులాట వంటి జట్ల ఆటలోకి తోస్తే భయపడి వెనక్కి వచ్చేస్తుంది. దాన్ని మనం సిగ్గు అని పేరు పెడతాం గాని, నిజానికి ఆట ఎంపికే తప్పు.

పటం గీసి ఆడే ఆటలు

వైకుంఠపాళి, అష్టాచెమ్మా, వామనగుంటలు, పులి-మేక: ఇవన్నీ కూర్చుని ఆడేవే, అన్నింటిలోనూ వంతులుంటాయి, కనుక ఏదైనా ఒకటేనని అనిపిస్తుంది. మాట విషయంలో మాత్రం వీటి మధ్య చాలా తేడా ఉంది.

వైకుంఠపాళిలో ఆడేవారు నిర్ణయించవలసినది ఏమీ లేదు. పందెం ఎంత పడితే అన్ని గళ్లు జరపడం, నిచ్చెన వస్తే ఎక్కడం, పాము నోట పడితే దిగడం అంతే. ఈ సాదాతనమే నాలుగైదేళ్ల పిల్లలకు వరం. వేయడం, లెక్కపెట్టడం, పక్కవారికి అందించడం అనే మూడు పనులు తప్ప వేరే బరువు లేదు గనక వంతు కోసం ఆగడం మీదే మనసు నిలుస్తుంది. పైగా పాము మింగడం ఎవరి తప్పూ కాదు, ఎవరి తెలివితక్కువతనమూ కాదు. ఓడితే తట్టుకోలేని బిడ్డకు ఓటమిని మొదటిసారి పరిచయం చేయడానికి ఇంతకంటే మెత్తని ఆట నాకు తెలియదు. లోపం ఏమిటంటే, నోరు విప్పకుండానే ఆట మొత్తం ముగించవచ్చు. అందువల్ల నేను ఒక చిన్న నియమం చేర్చేదాన్ని: ఎవరినైనా పాము మింగితే వారి పక్కన కూర్చున్నవారు ఒక ఓదార్పు మాట చెప్పాలి. మొదట్లో పిల్లలు మొక్కుబడిగా "పోనీలే" అంటారు. నాలుగైదు ఆటలు గడిచాక "నన్ను కూడా మింగింది కదా, మళ్లీ ఎక్కాను చూడు" అని సొంతంగా చెప్పడం మొదలుపెడతారు.

అష్టాచెమ్మా సంగతి వేరు. ఐదు అడ్డం, ఐదు నిలువుగా ఇరవైఐదు గళ్లు సుద్దముక్కతో గీసి, నాలుగు గవ్వలు గాని ఒకవైపు తెల్లగా అరగదీసిన నాలుగు చింతగింజలు గాని తీసుకుంటే ఆట సిద్ధం. గవ్వలు నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఈ రెండింటిలో ఏది పడినా మరో పందెం ఉంటుంది. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. అక్కడి నుంచి ఇంటింటికీ నియమం మారుతుంది. కాయ దిగడానికి ఎంత పడాలి, లోపలి వరుసలోకి వెళ్లే ముందు ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపి ఉండాలా అక్కరలేదా, వరుసగా మూడుసార్లు చెమ్మ పడితే లెక్కలోకి వస్తుందా రాదా అనే విషయాల్లో అమ్మమ్మగారింటి పద్ధతి ఒకటైతే నానమ్మగారింటి పద్ధతి మరొకటి. ఆట మొదలవక ముందే "మా ఇంట్లో ఇలా కాదు" అనే మాట వస్తుంది. పెద్దలకు ఈ వాదన విసుగు పుట్టించవచ్చు గాని, నా దృష్టిలో ఈ ఆట ఇచ్చే అసలు ప్రయోజనం ఇదే. పిల్లవాడు తనకు తెలిసిన పద్ధతిని ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పాలి, ఎదుటివాడి పద్ధతిని వినాలి, ఏదో ఒకదానికి ఇద్దరూ ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాక అది తనకు నష్టం తెచ్చినా దానికి కట్టుబడాలి.

స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాఁ పియాజే గోళీలాడే పిల్లలను పరిశీలించి 1932లో ప్రచురించిన విషయాలు దీనికి సరిగ్గా సరిపోతాయి. చిన్నపిల్లలు నియమాన్ని పెద్దలు విధించినదిగా, మార్చరానిదిగా భావిస్తారనీ, ఏడెనిమిదేళ్ల వయసుకు తోటివారితో పోటీపడుతూ అందరికీ ఒకే నియమం ఉండాలని చూడడం మొదలవుతుందనీ, పదేళ్లు దాటుతున్నకొద్దీ అందరూ ఒప్పుకుంటే నియమాన్ని మార్చుకోవచ్చునన్న ఎరుక బలపడుతుందనీ ఆయన గుర్తించారు. అందువల్ల అష్టాచెమ్మాను ఆరేళ్లకు ముందు మొదలుపెట్టవద్దని, ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు నియమాలు మీరు చెప్పకుండా వాళ్లనే తేల్చుకోనివ్వమని నా సలహా. నలుగురు నాలుగేసి కాయలతో ఆడితే చాలాసేపు పడుతుంది గనక, తొందరగా విసుగు చెందే పిల్లలకు రెండేసి కాయలతో మొదలుపెట్టాలి.

వామనగుంటలు ఇద్దరే ఆడే ఆట. వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు, చేతినిండా చింతగింజలు, అంతే. అష్టాచెమ్మాలో ఉన్నంత వాదన ఇందులో ఉండదు, గింజలు పంచుతున్నంతసేపూ చూపు గుంటల మీదే ఉంటుంది. ఎదుటివారి కళ్లలోకి చూసి మాట్లాడడానికి బెదిరే బిడ్డకు ఇది చాలా మంచి ఆట. చేతులకు పని ఉండి, చూపుకు ఒక చోటు ఉన్నప్పుడు, అడగకుండానే మాటలు వస్తాయి. బడిలో జరిగినదేమిటో నిలబెట్టి అడిగితే "ఏమీ లేదు" అనే పిల్లవాడు, గింజలు పంచుతూ అన్నీ చెబుతాడు.

ఇక పులి-మేక. మూడు పులులు, పదిహేను మేకలు. ఇద్దరాడే ఈ ఆటను ముగ్గురి చేత ఆడించి చూడండి: పులుల వైపు ఒకరు, మేకల వైపు ఇద్దరు కూర్చోవాలి, ఆ ఇద్దరూ మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చాకే మేకను కదపాలి. ఒకరి మాట ఒకరు వినని అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నేను మొదట చెప్పేది ఈ పద్ధతే. పులిని కట్టేయాలంటే పక్కవారి ఆలోచన వినక తప్పదు. ఎనిమిదేళ్లలోపు వారికి ఇది బరువవుతుంది.

నలుగురిలో నోరు విప్పని పిల్లలకు

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఒక ఏడాది మధ్యలో, ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చిన కుటుంబంలోని చిన్నపాప మా తరగతిలో చేరింది. తెలుగు ఒక్క ముక్క రాదు. పొడుపు కథలు, పాటలు ఆమెకు గోడలాగే ఉండేవి. ఒకరోజు వీరి వీరి గుమ్మడిపండు ఆడించాను. ఒకరి కళ్లు మూసి, మరొకరిని చూపించి, "వీరి వీరి గుమ్మడిపండు, వీరి పేరేమి?" అని అడిగితే, కళ్లు మూసుకున్నవారు చేత్తో తడిమి గాని, నవ్వును బట్టి గాని ఆ పేరు చెప్పాలి. ఆటలో పలకవలసినది ఒకే ఒక్క మాట, అదీ ఒక స్నేహితుడి పేరు. ఆ పాప బడిలో పలికిన మొదటి తెలుగు మాటలన్నీ తోటిపిల్లల పేర్లే. వారం తిరిగేసరికి పేరు పెట్టి పిలవడం, పిలిస్తే పలకడం, పక్కన కూర్చోవడం వాటంతట అవే వచ్చాయి.

కొత్తగా బడిలో చేరినవారికి, భాష రానివారికి, కొత్తవారంటే బెదిరేవారికి నేను ముందుగా ఈ ఆటనే ఎంచుకుంటాను. దీనికి కనీసం ఐదారుగురు పిల్లలు కావాలి. ఇద్దరే ఉన్నచోట చెమ్మచెక్క సరిపోతుంది, ఎందుకంటే ఎదుటివారి చేతుల వేగానికి మన చేతులను సర్దుకోవడమే అందులోని పని, మాట లయలో ఇమిడిపోయి వస్తుంది గనక తప్పు పలుకుతానేమోనన్న జంకు ఉండదు. అంత్యాక్షరి వంటి ఆటలను మాత్రం ఇటువంటి పిల్లలకు మొదట్లో పెట్టవద్దు. అందరి చూపూ ఒక్కరి మీద నిలిచి, గుక్కతిప్పుకోనివ్వకుండా జవాబు కోరే ఆట జంకును పెంచుతుంది.

ఎదుటివారి మనసును ఊహించడం

మూడేళ్ల బిడ్డతో దాగుడుమూతలు ఆడితే రెండు చేతులతో కళ్లు మూసుకుని, తాను ఎవరికీ కనబడడం లేదనుకుంటుంది, లేదా దాక్కున్నచోటి నుంచే "ఇక్కడున్నా" అని చెప్పేస్తుంది. అది చూసి మనకు ముద్దొస్తుంది గాని, అందులో ఒక పెద్ద విషయం ఉంది: తనకు తెలిసినది ఎదుటివారికి తెలియకపోవచ్చు అనే ఎరుక ఆ బిడ్డకు ఇంకా రాలేదు. ఒకరు లేని సమయంలో వస్తువు చోటు మారిస్తే, వారు తిరిగివచ్చి దానిని ఎక్కడ వెతుకుతారని పిల్లలను అడిగే పరీక్షను మనస్తత్వ శాస్త్రవేత్తలు హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ 1983లో ప్రచురించారు. ఆ తరువాత జరిగిన అనేక పరిశోధనలను బట్టి ఈ ఎరుక సాధారణంగా నాలుగైదేళ్ల మధ్య స్థిరపడుతుందని తెలిసింది. సంభాషణకు ఇది పునాది వంటిది. "వాడు కొట్టాడు" అని పరుగెత్తుకొచ్చి చెప్పే బిడ్డకు, ఆ "వాడు" ఎవరో మనకు తెలియదన్న స్పృహ ఉండదు.

నాలుగైదేళ్లవారికి ఈ సాధన కోసం దాగుడుమూతలు చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చాక రాముడు-సీత చీటీలాట దీనికంటే చాలా మెరుగు. చీటీల మీద రాముడు, సీత, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు, హనుమంతుడు అని రాసి, మడిచి, కలిపి వేస్తే, రాముడు వచ్చినవారు మిగిలినవారి ముఖాలు చూసి సీత ఎవరో చెప్పాలి. కొన్నిచోట్ల దీన్నే రాజు, మంత్రి, దొంగ, పోలీసు అని ఆడతారు. పందెపు లెక్కలు ఇంటింటికీ మారతాయి, అవి ముఖ్యం కాదు. ముఖంలో భావం దాచుకోవడం, ఎదుటి ముఖంలో దాచినదాన్ని చదవడం, తప్పు చెప్పినప్పుడు నవ్వులను తట్టుకోవడం అన్నీ ఒక్క ఆటలో వస్తాయి. మంచి పద్ధతి ఒకటి ఉంది: పేరు చెప్పే ముందు "నువ్వే అని ఎందుకు అనుకుంటున్నానంటే" అని కారణం కూడా చెప్పాలనే నియమం పెట్టండి. "నువ్వు చీటీ చూడగానే పెదవి కొరికావు" అని ఒక పిల్లవాడు చెప్పాడంటే, ఎదుటి మనిషిని గమనించడం వచ్చిందన్నమాట. ముఖకవళికలను పోల్చుకోలేక ఇబ్బందిపడే పిల్లలకు మాత్రం ఈ ఆట పరీక్షలాగా తోస్తుంది. వారిని మొదట చూసేవారిగా, లెక్క రాసేవారిగా కూర్చోబెట్టండి.

అడగడం, వినడం

పొడుపు కథలు వినడం నేర్పుతాయి, "మనసులో అనుకున్నది కనుక్కో" ఆట అడగడం నేర్పుతుంది. ఈ రెండింటినీ ఒకటిగా భావించకూడదు. పొడుపు కథలో జవాబు ఒక్కసారిగా తట్టాలి, తట్టనివారు మౌనంగా ఉండిపోతారు. రెండోదానిలో ఒకరు ఏదో ఒక వస్తువును తలచుకుంటే, మిగిలినవారు "అది తినేదా?", "ఇంట్లో ఉంటుందా?" అని అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నలు వేస్తూ దగ్గరపడాలి. అప్పటికే అడిగిన ప్రశ్నను మళ్లీ అడిగితే వంతు పోతుందని నియమం పెడితే, ఇతరుల ప్రశ్నలను కూడా విని తీరాలి. ఎదుటివారి మాట పూర్తికాకముందే అందుకునే పిల్లలకు ఇంతకంటే తగిన ఆట లేదు, ఆరేళ్ల నుంచి ఆడించవచ్చు. విదేశాల్లో ఉన్న మనవలతో వీడియో కాల్‌లో మాట్లాడే తాతయ్యలు, అమ్మమ్మలు కూడా దీన్ని చక్కగా ఆడుకోవచ్చు. "భోంచేశావా, బాగా చదువుతున్నావా" అన్న రెండు ప్రశ్నలతో ఆగిపోయే పిలుపు, ఈ ఆటతో అరగంట సాగుతుంది. తెలుగులో ప్రశ్న ఎలా కట్టాలో పిల్లలకు అప్రయత్నంగా పట్టుబడుతుంది.

బువ్వాలాటను నేను ఏ పోలికలోనూ వెనక్కి నెట్టను. లక్కపిడతల్లో ఇసుక అన్నం వండి, ఆకుల కూర వడ్డించి, "ఇంకొంచెం వేసుకోండి వదినగారూ" అని పాప అంటున్నప్పుడు, మర్యాద మాటలు, వరసలు, అతిథిని ఆదరించే తీరు, అమ్మ గొంతులోని హెచ్చుతగ్గులు అన్నీ సాధన అవుతుంటాయి. మూడేళ్ల నుంచి ఆరేడేళ్ల వరకు ఇదే అన్నింటికంటే గొప్ప ఆట, ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్క బొమ్మలు దొరికితే మంచిదే, లేకపోతే కొబ్బరిచిప్పలు చాలు. కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం విడుదల చేసిన జాదూయీ పిటారా అనే బోధన సామగ్రి పెట్టెలో బొమ్మలకు, ఆటలకు, కీలుబొమ్మలకు చోటివ్వడం నాకు సంతోషం కలిగించింది.

ఫోనులోని ఆటల మాట

"లూడో ఫోనులో ఉంది కదా, అది కూడా వంతుల ఆటే కదా" అని చాలామంది అడుగుతారు. వంతులుంటాయి, నిజమే. అయితే ఫోనులో నియమాన్ని ఫోనే అమలుచేస్తుంది. ఎవరి వంతో అదే చెబుతుంది, తప్పు జరపనివ్వదు, లెక్క తప్పనివ్వదు. పిల్లలు ఒకరితో ఒకరు తేల్చుకోవలసినదంతా దానికి అప్పగించాక, మాట్లాడడానికి ఏమీ మిగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. ఊళ్లు దూరమై, ఆడుకునే తోడు లేనప్పుడు మాట్లాడుకుంటూ ఆడే వీడియో కాల్‌ను నేను కాదనను. ఒంటరిగా తెరతో ఆడే ఆటను మాత్రం మాటతీరు కోసం ఎంచుకోవద్దు.

ఆట చాలని చోట

పదహారు నెలలు నిండినా ఒక్క మాట రాకపోయినా, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి సొంతంగా చెప్పకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోతున్నా, ఏ ఆట మంచిదని ఆలోచిస్తూ నెలలు గడపకండి. ముందుగా వినికిడి పరీక్ష చేయించండి, పిల్లల వైద్యులకు చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లోనూ ప్రభుత్వ బడుల్లోనూ పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. ప్రత్యేక అవసరాలున్న బడి వయసు పిల్లల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ (ఎన్‌ఐఈపీఐడీ) ఎదుగుదలలో వెనుకబాటు ఉన్న పిల్లలకు సేవలందిస్తున్నది. అక్కడి నిపుణులు కూడా ఆటలే చెప్పవచ్చు, కాని అవి ఆ బిడ్డ అవసరాన్ని కొలిచి చెప్పే ఆటలు.

పెద్దలు ఎప్పుడు లేవాలి

ఏ ఆట ఎంచుకున్నా మొదటి వారం పెద్దలు కూడా ఆటగాళ్లుగా కూర్చోవాలి, ఓడిపోవాలి, ఓడినప్పుడు ఏమంటారో పిల్లలకు వినబడేలా అనాలి. పిల్లలను గెలిపించడం కోసం కావాలని ఓడవద్దు, వాళ్లు ఇట్టే పట్టేస్తారు. రెండో వారం పక్కన కూర్చుని చూడండి. మూడో వారానికి వంటింట్లో పనుందని లేవండి. గొడవ వినబడితే వెంటనే వెళ్లకుండా కొంతసేపు ఆగండి. కొట్టుకుంటేనో, ఒకరినే అందరూ కలిసి ఏడిపిస్తుంటేనో తప్ప తీర్పు చెప్పకండి.

మా బడి వరండాలో పిల్లలు గీసుకున్న అష్టాచెమ్మా పటం పక్కన, నేను చెప్పకుండానే, సుద్దముక్కతో వాళ్లు రాసుకున్న నియమాలు కొన్ని చాలా రోజులు ఉండేవి. వానజల్లుకు చెరిగిపోయినప్పుడల్లా మళ్లీ రాసేవారు. వాటిలో చివరిది ఇది: కొత్తవాళ్లు వస్తే మొదటి ఆటలో వాళ్ల కాయను చంపకూడదు.